కొలతలన్నీ సరిపోయినా పన్ను రాలేదు: ఒక కార్వింగ్ కేసు

మొదటి సంవత్సరం డెంటల్ విద్యార్థులకు టూత్ కార్వింగ్, అంటే మైనపు దిమ్మను చెక్కి పన్ను ఆకారం తీయడం, నేర్పేవాళ్లందరికీ ఒక రకం విద్యార్థి ఎదురవుతూ ఉంటారు. చేతిపని శుభ్రంగా ఉంటుంది, మైనం మీద అనవసరమైన గీత ఒక్కటీ ఉండదు, చెప్పిన టైమ్‌కి పని ముగుస్తుంది. తీరా చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తే అది పన్నులా ఉండదు. అలాంటి ఒక విద్యార్థిని కేసు ఇది. ఆమె వల్ల మా సెక్షన్‌లో కార్వింగ్ నేర్పే వరుసే మారింది. ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఈ రంగం బయటివాళ్లు చదువుతుంటే ముందు ఐదు మాటలు తెలియాలి. బక్కల్ అంటే చెంప వైపు, లింగ్వల్ అంటే నాలుక వైపు, మీసియల్ అంటే నోటి మధ్యగీత వైపు, డిస్టల్ అంటే దానికి దూరంగా ఉన్న వైపు, అక్లూజల్ అంటే నమిలే వైపు.

కేసు

పై సెంట్రల్ ఇన్సైజర్‌నీ (ముందు పన్ను) కెనైన్‌నీ (కోరపన్ను) ఆమె బాగానే చెక్కింది. ఇన్సైజర్‌లో పని చాలావరకు రెండు బొమ్మల మీద నడిచిపోతుంది. ముందు నుంచి కనిపించే ఆకారం, పక్క నుంచి కనిపించే ఆకారం మైనపు దిమ్మ మీద సరిగ్గా గీసి, గీత వెంట కోసుకుంటూ పోతే సగం పన్ను వచ్చేసినట్టే. పై మొదటి ప్రీమోలార్ (కోరపన్ను వెనకుండే పన్ను) దగ్గర కొంచెం తడబడింది. ఆ పన్ను బక్కల్ కస్ప్‌కు (నమిలే వైపు పొడుచుకొచ్చిన కొనకు) మీసియల్ వాలు డిస్టల్ వాలు కన్నా పొడవు. పక్కనున్న రెండో ప్రీమోలార్‌లో ఇది తిరగబడి ఉంటుంది. పైగా మీసియల్ వైపు మెడ (పైకి కనిపించే భాగం వేరును కలిసే చోటు) దగ్గర ఒక పల్లం ఉంటుంది. ఆమె ఆ రెండూ వదిలేసింది. పని నీట్‌గా ఉండడంతో మార్కులు మాత్రం పడ్డాయి.

కింది మొదటి మోలార్‌కు (దవడపన్నుకు) వచ్చేసరికి కథ మారింది. ఆ పన్ను కొలతలు విద్యార్థులందరికీ కంఠతా వస్తాయి: క్రౌన్ (చిగురు పైన కనిపించే భాగం) ఎత్తు 7.5 మి.మీ., వేరు 14 మి.మీ., మీసియోడిస్టల్ వెడల్పు 11 మి.మీ., అదే మెడ దగ్గర 9 మి.మీ., బక్కోలింగ్వల్ వెడల్పు 10.5 మి.మీ., మెడ దగ్గర 9 మి.మీ. పళ్ల సగటు కొలతలను ఇలా పట్టిక వేసి నేర్పడం 19వ శతాబ్దం చివర్లో దంతవైద్యుడు జి.వి. బ్లాక్ కాలం నుంచీ ఉన్న అలవాటే. ఆమె కాలిపర్ (వెడల్పు కొలిచే పరికరం) పట్టుకునే నా దగ్గరికి వచ్చింది.

"సార్, కొలతలన్నీ కరెక్టే. మరి మార్కులు ఎందుకు తగ్గాయి?"

కొలిచి చూశాను. నిజమే, ఎక్కడా అర మిల్లీమీటరు తేడా లేదు. మా దగ్గర ఇలాంటప్పుడు వినిపించే జవాబు ఒకటుంది: "కొలతలు సరేనమ్మా, పన్నులా లేదు." ఆ మాట నిజమే కావచ్చు. విద్యార్థి దాంతో ఏం చెయ్యాలో మాత్రం తెలియదు. కత్తి ఎక్కడ పెట్టాలో చెప్పని విమర్శ కార్వింగ్ టేబుల్ మీద పనికిరాదు.

తప్పు ఎక్కడుంది

ఆ దిమ్మను మీసియల్ వైపు నుంచి చూస్తే విషయం తెలుస్తుంది. కింది మోలార్ క్రౌన్ నిటారుగా నిలబడదు, నాలుక వైపు ఒరిగి ఉంటుంది. బక్కల్ వైపు ఉబ్బు మెడకు దగ్గరగా, సర్వైకల్ మూడోవంతులో ఉంటుంది. అక్కణ్ణుంచి పైకి గీత లోపలికి వాలిపోతుంది. లింగ్వల్ వైపు ఉబ్బు మాత్రం మధ్య మూడోవంతులో ఉంటుంది. అంటే 10.5 మి.మీ. అనే గరిష్ఠ వెడల్పు ఒకే ఎత్తులో ఉన్న రెండు బిందువుల మధ్య దూరం కాదు. ఆమె చెక్కిన దాంట్లో రెండు ఉబ్బులూ మధ్య మూడోవంతులోనే, ఎదురెదురుగా ఉన్నాయి. కాలిపర్ రెండు కొనల మధ్య పెడితే అదే 10.5 వస్తుంది. పన్ను మాత్రం పీపా అయిపోయింది.

మీసియోడిస్టల్ వెడల్పుతోనూ ఇదే గొడవ. 11 మి.మీ. ఉంది, కానీ అది కాంటాక్ట్ ఏరియా (పక్క పన్నును తాకే చోటు) ఉండాల్సిన ఎత్తులో కాకుండా కిందికి జారింది. పై నుంచి చూస్తే క్రౌన్ లింగ్వల్ వైపుకు సన్నబడాలి, డిస్టల్ వైపుకు కూడా సన్నబడాలి. ఆమెది దాదాపు దీర్ఘచతురస్రం. ఐదు కస్పులూ ఒకే సైజు. అసలు పన్నులో డిస్టల్ కస్ప్ అన్నిటికంటే చిన్నది, లింగ్వల్ కస్పులు బక్కల్ వాటికన్నా ఎత్తుగా, కోసుగా ఉంటాయి. అందుకే బక్కల్ వైపు నుంచి చూసినా వెనక లింగ్వల్ కస్పుల కొనలు కనిపిస్తాయి.

కాలిపర్ ఎంత వెడల్పో చెబుతుంది. ఆ వెడల్పు ఎక్కడ ఉందో చెప్పదు. మార్కులిచ్చే షీటులో కొలతలకు ఎక్కువ వాటా ఇస్తే, విద్యార్థి తెలివిగా కొలతలకే పని చేస్తాడు. దీన్ని విద్యార్థి లోపం అనలేం.

చెయ్యా, కన్నా?

వైద్యం మొదలుపెట్టే ముందు డయాగ్నసిస్ తేల్చుకోవాలనుకున్నాను. మూడు చిన్న పరీక్షలు పెట్టాను. మొదటిది: నేనే దిమ్మ మీద సరైన గీత గీసి ఇచ్చి, గీత వరకు కోయమన్నాను. గీతకు ఆనుకుని, పొరలు పొరలుగా, అంచు చెదరకుండా కోసింది. రెండోది: ఆమె చెక్కిన పన్నునూ, సరైన ఒరుగు ఉన్న మరో పన్నునూ పక్కపక్కన పెట్టి తేడా చెప్పమన్నాను. చాలాసేపు చూసి "రెండోది కొంచెం స్మూత్‌గా ఉంది సార్" అంది. మూడోది: అసలు పన్నును మీసియల్ వైపు నుంచి చూసి అంచు గీత మాత్రమే కాగితం మీద గీయమన్నాను. కాగితం మీద కూడా పీపానే వచ్చింది.

చెయ్యి బాగుంది. తప్పు చూపులో ఉంది. ఇలాంటి విద్యార్థికి ఇంకో దిమ్మ ఇచ్చి మళ్లీ చెక్కమంటే అదే పీపాను ఇంకా శుభ్రంగా చెక్కి తెస్తుంది. మోటార్ లెర్నింగ్ (శరీరం పనులు ఎలా నేర్చుకుంటుందన్న శాస్త్రం) చదివినవాళ్లకు 1967లో మనస్తత్వవేత్తలు ఫిట్స్, పోస్నర్ చెప్పిన మూడు దశలు గుర్తుండే ఉంటాయి: ముందు ఏం చెయ్యాలో అర్థం చేసుకోవడం, తర్వాత తప్పులు దిద్దుకుంటూ చెయ్యడం, చివరికి ఆలోచించకుండానే చెయ్యగలగడం. ఈమె మొదటి దశ దాటకుండానే చేతిని మూడో దశకు తీసుకెళ్లిపోయింది. తప్పు ఆకారం చేతికి అలవాటైతే విడిపించడం కష్టం.

అదే సెక్షన్‌లో సరిగ్గా దీనికి ఎదురు కేసు కూడా ఉంది. ఆ అబ్బాయి అంచు గీతలు చక్కగా గీస్తాడు, తప్పు పన్నును ఇట్టే పట్టేస్తాడు, కత్తి పెడితే మాత్రం కస్ప్ ఎగిరిపోతుంది. అతని సమస్య చాలా త్వరగా తేలింది. వేలికి ఆసరా లేదు, లెక్రాన్ కార్వర్ (మైనం చెక్కే కత్తి) మొద్దుబారింది, మైనం చల్లగా ఉన్నప్పుడు లోతుగా కోస్తున్నాడు. ఉంగరపు వేలిని దిమ్మ మీద ఆనించి పెన్ గ్రాస్ప్‌తో (పెన్ను పట్టుకున్నట్టు) పల్చటి పొరలు తీయడం, పెద్ద ముక్కలు తీసేటప్పుడు మాత్రం పామ్ అండ్ థంబ్ గ్రాస్ప్ (అరచేతితో పట్టుకుని బొటనవేలు ఆనించడం) వాడడం, పని మొదలుపెట్టే ముందు దిమ్మను కాసేపు అరచేతిలో ఉంచుకోవడం నేర్పాక కుదురుకున్నాడు. ఎడమచేతి వాటం ఉన్నవాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. టీచర్ ఎదురుగా కూర్చుని చేసి చూపిస్తే అందరికీ కుడి ఎడమలు తారుమారవుతాయి, వాళ్లకు మరీ గందరగోళం. చేసేవాళ్ల భుజం మీదుగా తీసిన వీడియోను ఒకసారి మామూలుగా, ఒకసారి అద్దంలోలా తిప్పి చూపిస్తే సరిపోతుంది.

మార్చిన వరుస

ఆమె చేతిలోంచి మైనం తీసేశాం. మొదట్లో దాన్ని శిక్షలా తీసుకుంది. చుట్టూ అందరూ చెక్కుతుంటే తను గీతలు గీస్తూ కూర్చోవాలి మరి. "ముందు కంటికి పని చెబుదాం, చేతికి తర్వాత" అని ఒప్పించాల్సి వచ్చింది.

మొదలుపెట్టింది నీడలతో. అసలు పన్నును స్టాండుకు అంటించి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి, ముందు పెట్టిన కాగితం మీద పడిన నీడ అంచు గీయడం. నీడలో గ్రూవులూ (నమిలే తలం మీద గీతల్లాంటి పల్లాలూ) మెరుపూ ఉండవు, అంచు ఒక్కటే ఉంటుంది. దాని మీద వేరు అక్షం నిలువు గీతగా గీసి, క్రౌన్ ఆ గీతకు ఏ వైపు ఎంత ఒరిగిందో చూడమనేవాణ్ణి. క్రౌన్ ఎత్తును మూడు భాగాలు చేసి, ప్రతి వైపూ ఉబ్బు ఏ భాగంలో ఉందో గుర్తు పెట్టాలి. ఆమెకు ఒరుగు మొదటిసారి కనిపించింది ఇక్కడే. తన పాత మోలార్‌నూ తీసుకొచ్చి దాని నీడ పక్కన గీసుకుంది. నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు.

దీనికి అసలు పళ్లు కావాలి. ప్లాస్టిక్ మోడళ్లు అన్నీ ఒకే అచ్చులోవి కాబట్టి విద్యార్థులు పన్నును కాకుండా ఆ మోడల్‌ను గుర్తుపెట్టుకుంటారు. పీకిన పళ్లను వాడే ముందు శుద్ధి చెయ్యడం తప్పనిసరి. శుభ్రంగా కడిగి, 121 డిగ్రీల సెల్సియస్‌లో 40 నిమిషాలు ఆటోక్లేవ్ చేస్తాం (ఒత్తిడిలో ఉన్న ఆవిరితో శుద్ధి). అమాల్గమ్ (పాదరసం కలిసిన లోహ మిశ్రమం) ఫిల్లింగ్ ఉన్న పన్నును మాత్రం ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు, పాదరసం ఆవిరి వస్తుంది. వాటిని 10 శాతం ఫార్మలిన్‌లో రెండు వారాలు ఉంచాలి. అసలు పళ్లతో ఇంకో లాభం ఉంది. నాలుగు కస్పులే ఉన్న కింది మొదటి మోలార్, మూడో వేరు ఉన్నది చేతికి తగులుతాయి. పుస్తకంలోని పన్ను సగటు మాత్రమేనని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

తర్వాత తప్పుల పళ్లు. నేను కావాలని ఒక్కో దాంట్లో ఒక్కో తప్పు పెట్టి చెక్కినవి. ఒకదాంట్లో ఒరుగు లేదు, ఒకదాంట్లో డిస్టల్ కస్ప్ మిగతావాటంత ఉంది, ఒకదాంట్లో రెండు వేర్ల వెడల్పూ సమానం. అసలు పన్నులో మీసియల్ వేరు బక్కోలింగ్వల్‌గా వెడల్పుగా ఉంటుంది. ఒకటి పూర్తిగా సరైనది, అదే అందరికీ టెన్షన్ పెట్టింది. తప్పు చెప్పడంతో సరిపోదు, ఎక్కడ ఎంత మైనం తియ్యాలో లేదా కలపాలో వేలితో చూపించాలి. గుడ్డ సంచిలో చెయ్యి పెట్టి తడిమి పన్నును గుర్తుపట్టే ఆట కూడా ఆడించాం. విద్యార్థులకు అది భలే నచ్చింది. దానివల్ల జరిగిన మేలు మాత్రం నా అంచనాలో కొంచెమే. ఏ పన్నో తెలుస్తుంది, ఆకారంలోని సూక్ష్మం తెలియదు.

అక్లూజల్ ఉపరితలానికి దారి మార్చాం. చెక్కడంలో విద్యార్థులు సాధారణంగా పై భాగాన్ని బల్లపరుపుగా ఉంచి, దాని మీద పుస్తకంలోని గ్రూవుల బొమ్మను కత్తితో గీకుతారు. ఆమెదీ అంతే. గ్రూవ్ అంటే తవ్విన కాలువ అన్న భావం తలలో ఉన్నంతకాలం కస్ప్ రాదు. రెండు వాలులు దిగివచ్చి కలుసుకున్న చోటే గ్రూవ్. ఇది అర్థం కావాలంటే మైనం తీయడం మానేసి కలపాలి. దీన్నే వాక్స్ అడిషన్ అంటాం. దంతవైద్యుడు పీటర్ కె. థామస్ పేరు మీద వచ్చిన పీకేటీ పరికరాలు ఇందుకే ఉన్నాయి. 1, 2 నంబర్లతో కరిగిన మైనాన్ని బొట్లుగా పెట్టి కస్పుల కోన్‌లు నిలబెడతాం, తర్వాత ఒక్కో రిడ్జ్ (గట్టు) కలుపుతాం, 3తో గ్రూవులూ ఫోసాలూ (గుంటలూ) సర్దుతాం, 4, 5లతో అంచులు తీర్చిదిద్దుతాం. కస్పులకు ఒక రంగు, త్రికోణ రిడ్జులకు ఒకటి, మార్జినల్ రిడ్జులకు (అంచు గట్లకు) మరొకటి వాడితే ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ఆమె ఐదు కోన్‌లు నిలబెట్టాక డిస్టల్ కోన్ దగ్గర ఆగి, "దీనికి ఇంత చోటు లేదు సార్, చిన్నదే పట్టేట్టుంది" అంది. డిస్టల్ కస్ప్ చిన్నదని అంతకుముందు ఎన్నిసార్లు రాసిందో!

మూడు రెట్ల సైజులో బంకమట్టితో చేయించడం కూడా వరుసలో పెట్టాం. తలాలు, వాలులు అర్థం కావడానికి మంచిదే. అందులో ఎక్కువ కాలం ఉంచకూడదు. పెద్ద సైజులో పని మణికట్టుతో నడుస్తుంది, అసలు సైజులో వేళ్లతో నడవాలి. వేలి ఆసరా అలవాటు పెద్ద మోడల్ మీద రాదు.

మైనం మళ్లీ ఆమె చేతికి వచ్చాక ఒకే ఒక్క నియమం పెట్టాను, నాక్కూడా: టీచర్ కత్తి విద్యార్థి దిమ్మను తాకకూడదు. "ఇలా ఇవ్వు" అని తీసుకుని రెండు కోతలు కోసి ఇచ్చేస్తే పన్ను బాగుపడుతుంది, విద్యార్థికి ఏమీ అందదు. చూపించాలంటే నా దిమ్మ మీదే చూపిస్తాను. ముందు తన పన్నులో ఏం తప్పుందో ఆమె చెప్పాలి, తర్వాతే నేను నోరు తెరుస్తాను. రానురాను నేను చెప్పేది తగ్గించాను. ప్రతి అడుగుకూ ఫీడ్‌బ్యాక్ ఇస్తే ఆ కాసేపు పని బాగుంటుంది గానీ, మనిషి దాని మీద ఆధారపడిపోయి ఒంటరిగా చేసేటప్పుడు వెనకబడతాడని 1984లో మోటార్ లెర్నింగ్ పరిశోధకులు సాల్మోని, ష్మిట్, వాల్టర్ తమ సమీక్షలో వాదించారు. కార్వింగ్ టేబుల్ దగ్గర అది రోజూ కనిపిస్తుంది. పరీక్షలో ఎవరూ పక్కన ఉండరు, పేషెంట్ కుర్చీ దగ్గర కూడా అంతే.

ఏం కుదర్లేదు

త్రీడీ యాప్‌ల మీద చాలా ఆశ పెట్టుకున్నాం. తెర మీద పన్ను ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, అందుకే ఎటూ నిలబడదు. ఆమె బొమ్మను గిరగిరా తిప్పుతూ కూర్చుంది, ఒరుగు సంగతి పట్టనే లేదు. "మీసియల్ వైపు ఆపి, బక్కల్ ఉబ్బు ఎక్కడుందో గుర్తు పెట్టు" లాంటి పని ఇచ్చినప్పుడే యాప్ ఉపయోగపడింది. హాప్టిక్ సిమ్యులేటర్లు (చేతికి స్పర్శ తెలిసేలా చేసే యంత్రాలు) మంచివే, డ్రిల్లింగ్‌కు. కేవిటీ (ఫిల్లింగ్ కోసం తవ్విన గుంట) లోతు ఎంత తప్పిందో లెక్కకట్టి చెబుతాయి, అలసిపోవు, విసుక్కోవు. మైనం మీద కార్వర్‌తో పల్చటి పొర తీసే వేలి పట్టు వాటి మీద రాదు.

స్వీయ పరిశీలనకు ఇచ్చిన చెక్‌లిస్టు మొదట రెండు పేజీలు. విద్యార్థులు పన్ను చూడకుండా టిక్కులు పెట్టారు. చివరికి ఐదు ప్రశ్నలు మిగిలాయి: క్రౌన్ ఏ వైపు ఒరిగింది? ప్రతి వైపూ ఉబ్బు ఏ మూడోవంతులో ఉంది? కాంటాక్టులు ఏ ఎత్తులో ఉన్నాయి? కస్పులను పెద్ద నుంచి చిన్న వరకు వరుసగా చెప్పగలవా? ఇది కుడి పన్నా, ఎడమ పన్నా? ఆఖరి ప్రశ్న తేలికగా కనిపిస్తుంది. చెక్కిన పన్ను కుడిదో ఎడమదో ఇంకొకరు చెప్పలేకపోతే, మిగతా నాలుగింటిలో ఏదో ఒకటి తప్పిందన్నమాట.

టీచర్లతోనూ పని పడింది. ఒకే పన్నుకు మాలో ఇద్దరం వేర్వేరుగా మార్కులు వేసుకుంటే తేడా బాగానే వచ్చింది. ఒకరు నునుపు చూస్తున్నారు, ఒకరు ఆకారం. కొత్త మార్కుల షీటులో నునుపుకు వాటా తగ్గించాం, కొలతలకూ తగ్గించాం, ఉబ్బులూ ఒరుగూ కస్పుల నిష్పత్తీ పెంచాం. ఇది తేలిగ్గా జరగలేదు. మెరిసే పన్నుకు మార్కులు తగ్గించడం చాలామందికి మనసొప్పదు.

ఫలితం

కొత్త వరుసలో ఆమె చెక్కిన మొదటి మోలార్ పాతదానికన్నా గరుకుగా ఉంది. వెడల్పులో కొంత తేడా కూడా ఉంది. కానీ దూరం నుంచి చూసినా కింది మొదటి మోలార్ అని తెలిసింది, అదీ కుడి వైపుదని. తర్వాత పై మొదటి మోలార్‌కు వెళ్లినప్పుడు ఎవరూ చెప్పకముందే నీడ గీసుకుని, రాంబస్ ఆకారం, ఆబ్లిక్ రిడ్జ్ (ఏటవాలుగా సాగే గట్టు) తనే పట్టుకుంది. తన పన్నుకు తను వేసుకున్న మార్కులు, మేం వేసినవి దగ్గరపడ్డాయి. వేర్లు ఆమెకు ఇప్పటికీ బాగా రావు. మీసియల్ వేరు వంపును వదిలేస్తుంది. దాన్ని మైనంలో సాగదీయకుండా, రూట్ కెనాల్ తరగతిలో ఎక్స్‌రేలతో కలిపి చూసుకుందామని వదిలేశాం.

అసలు పరీక్ష ప్రీక్లినికల్స్‌లో (పేషెంట్ల దగ్గరికి వెళ్లే ముందు చేసే సాధనలో) వచ్చింది. అమాల్గమ్ చెక్కేటప్పుడు అది గట్టిపడేలోగా పని ముగించాలి, పుస్తకం తెరిచే టైమ్ ఉండదు. ఆమె కార్వర్ అంచును మిగిలిన పన్ను వాలుకు ఆనించి, ఆ వాలునే ఫిల్లింగ్ మీదికి కొనసాగించింది. గ్రూవ్ దానంతటదే సరైన చోట పడింది. బల్లపరుపు మీద కాలువలు గీకే అలవాటున్న పాతకాలపు విద్యార్థి అయితే ఇక్కడ లోతుగా తవ్వేసి మార్జిన్ (ఫిల్లింగ్ అంచు) దగ్గర పల్చన చేస్తాడు, లేదా మిగతా చోట ఎత్తు వదిలేస్తాడు. ఆ ఎత్తు పేషెంట్‌కు నమిలేటప్పుడు ముందు తగులుతుంది. క్రౌన్ ఉబ్బు ఎక్కువైతే చిగురు పక్కన పాచి నిలిచి చిగురు వాస్తుంది, కాంటాక్ట్ తప్పితే పళ్ల మధ్య తిండి ఇరుక్కుంటుంది. పీపా మోలార్ మైనంలో ఉన్నంతసేపు మార్కుల సమస్య, నోట్లోకి వెళ్తే చిగురు సమస్య.

సాఫ్ట్‌వేర్ లైబ్రరీలోంచి పన్ను ఆకారం తీసుకుని మిల్లింగ్ యంత్రం క్రౌన్ (ఇక్కడ పన్నుకు తొడిగే కృత్రిమ తొడుగు) చెక్కి ఇస్తున్న రోజుల్లో ఇంత కార్వింగ్ ఎందుకని సహోద్యోగులు అడుగుతుంటారు. చెక్కించే పళ్ల సంఖ్య తగ్గించొచ్చని నేనూ ఒప్పుకుంటాను, మేం తగ్గించాం కూడా. పదహారు పళ్లు హడావుడిగా చెక్కే కన్నా ఆరు పళ్లను నీడ, తప్పుల పళ్లు, వాక్స్ అడిషన్, కార్వింగ్ అన్నిటి మీదుగా నడిపించడం మేలు. కానీ లైబ్రరీ ఇచ్చిన క్రౌన్ ఈ నోట్లో ఒరిగిన పక్క పన్నుకు సరిపోయిందో లేదో తెర ముందు కూర్చున్న మనిషే చెప్పాలి. అందుకే వచ్చే బ్యాచ్‌కు మొదటి వారాల్లో మైనపు దిమ్మలు ఇవ్వడం లేదు. టార్చ్, కాగితం, పెన్సిల్, శుద్ధి చేసిన పళ్లు ఇస్తున్నాం. కాలిపర్ ఆ తర్వాత వస్తుంది.